ఆషాఢం లెక్క

మా అత్త మంగాయమ్మకి లెక్కలు రావు. పండగ ఇంకా ఎన్నాళ్ళుందో కూడా పక్కింటి పోతమ్మని అడిగి తెలుసుకునే మనిషి. అలాంటి మనిషి నా కడుపు లెక్క కట్టింది. కట్టి ఊరుకోలేదు, కుళాయి దగ్గర బిందెలు పట్టుకునే వాళ్ళందరికీ వినిపించింది. ఆ లెక్క తప్పని నేను ఎవరి దగ్గరా రుజువు చేసుకోలేదు. చేసుకోనని భీష్మించుకు కూర్చున్నాను. మొండిఘటం అని ఆ సందులో నాకు ఇప్పటికీ పేరుంది. ఉండనివ్వండి.

ఎనభై నాలుగులో, జ్యేష్ఠమాసంలో నా పెళ్ళయింది. మాది ఆనందపురం దగ్గర పల్లె, వంకాయలూ బెండకాయలూ పండించి సంతకి తోలే ఇల్లు. వాళ్ళది వన్ టౌన్. మా మామగారు పరవాడ వైపు నుంచి హార్బరు పనికి వచ్చి అక్కడే స్థిరపడి, అక్కడే పోయారు. ఇరుకు సందులో రెండు గదుల పెంకుటిల్లు, ముందు చిన్న అరుగు, సందు మొదట్లో మునిసిపాలిటీ కుళాయి. ఇంట్లో అత్త, ఆవిడ ఒక్కగానొక్క కొడుకు నీలకంఠం. నాకు వరసకి బావే అవుతాడు, పెళ్ళయ్యాక కూడా అలాగే పిలిచేదాన్ని.

మా బావ పని ఔటర్ హార్బరులో. ఇనుప ఖనిజం ఎత్తుకునే ఓడలు వస్తాయి కదా, వాటి పక్కల మీద కింద నుంచి పైదాకా అంకెలు రాసి ఉంటాయి. సర్వేయరుతో పాటు లాంచీలో ఓడ చుట్టూ తిరిగి, నీరు ఏ అంకె దగ్గర తగులుతోందో చదవడం ఇతని వంతు. ఓడ ఎంత దిగిందో చూసి, లోపల ఎన్ని టన్నుల సరుకు పడిందో సర్వేయరు లెక్క కడతాడు. పెళ్ళైన కొత్తలో బీచి ఒడ్డున కూర్చోబెట్టి ఇదంతా నాకు చెప్పాడు. అల తగిలిన ప్రతిసారీ అంకె మునుగుతుందట, తేలుతుందట. పైదీ కిందిదీ చూసి మధ్యన ఒకటి పట్టుకుంటారట. ఒడ్డు మీద తూచిన తూకానికీ ఓడ చెప్పిన తూకానికీ ఏనాడూ సరిగ్గా కలవదట. మరి తేడా వస్తే ఏం చేస్తారని అడిగాను. సముద్రం మీద పని కాబట్టి కొంత అటూ ఇటూ వదిలేస్తారని చెప్పి నవ్వాడు. ఆ నవ్వు నాకు బాగా నచ్చింది.

పెళ్ళైన నెల తిరక్కుండానే ఆషాఢం వచ్చింది. కొత్త కోడలు ఆషాఢంలో అత్తతో ఒక కప్పు కింద ఉండకూడదు, మొగుడూ పెళ్ళాలు కలవకూడదు. అందరిళ్ళలో ఉన్నదే. మా అన్న వచ్చి నన్ను తీసుకెళ్ళిపోయాడు. అంతదాకా బాగానే ఉంది. కొత్త పెళ్ళికొడుకులు ఆ నెలలో ఏదో వంక పెట్టుకుని అత్తారి ఊరి చుట్టూ తిరగడమూ అందరిళ్ళలో ఉన్నదే. మా బావ మాత్రం ఆ నెలంతా ఆనందపురం బస్సు ఎక్కలేదు. వాళ్ళమ్మ చేతిలో చెయ్యేసి మాటిచ్చాడట. అంత బుద్ధిమంతుడు. ఆ బుద్ధి కాస్త తక్కువైనా నాకు ఈ తిప్పలు తప్పేవి.

ఆషాఢం ఆఖర్లో, మా అమ్మ ఇంట్లోనే నేను బయట చేరాను. తలంటి పోసుకున్నాక శ్రావణం వచ్చింది, నన్ను మళ్ళీ వన్ టౌనులో దిగబెట్టారు. ఆ తర్వాత నెల తప్పింది. ఇంతే జరిగింది. నాకు తెలుసు, మా అమ్మకి తెలుసు. మూడో మనిషికి తెలియాల్సిన అవసరం అప్పుడు ఎవరికీ కనబడలేదు.

మా అత్త చెడ్డదని నేననను. వాంతులవుతున్న రోజుల్లో నా ఎంగిలి కంచం కూడా ఆవిడే తీసింది. కడుపుతో ఉన్న దానికి నచ్చుతుందని నెత్తళ్ళ చేపలు వేయించి, చింతచిగురు వేసి వండేది. ఆరో నెల దాటాక కడుపు ఒక్కసారిగా పెరిగింది. కవలలని సందులో సగం మంది, ఉమ్మనీరు ఎక్కువుందని మిగతా సగం మంది. నన్ను చూసే లేడీ డాక్టరు కూడా చేత్తో నొక్కి, టేపు పెట్టి కొలిచి, నెలలకి మించి ఉంది, ఒకసారి స్కానింగు తీయిద్దాం అంది. ఆ మిషను అప్పుడప్పుడే ఊళ్ళోకి వచ్చింది. మా అత్త సంబరం చూడాలి. కుళాయి దగ్గరికి వెళ్ళి, మా కోడలి కడుపుని టీవీలో చూపిస్తారట అని చెప్పుకుంది. అప్పటికి మా సందులో టీవీయే లేదు.

మార్చి నెల మొదట్లో వెళ్ళాం. చెంబులకి చెంబులు నీళ్ళు తాగించి, కడుపు మీద చల్లటి జిగురు పూసి, ఒకాయన చిన్న కర్రలాంటిది పెట్టి తిప్పాడు. తెర మీద నాకు బూడిద రంగు మసక తప్ప ఇంకేమీ కనబడలేదు. ఆయన తల కొలిచాడు, తొడ ఎముక కొలిచాడు, ఒక్క బిడ్డే, బాగుంది అన్నాడు. ఎన్నో నెలని మా అత్త అడిగింది. ముప్పై ఐదు వారాలు దాటాయి, ఏప్రిల్ పది లోపు కాన్పు అన్నాడు. లేడీ డాక్టరు లెక్క అంతకంటే మూడు వారాలు తక్కువ, మే మొదటి వారమని చెప్పింది కదా అన్నాను. అవన్నీ ఆవిడ చూసుకుంటుంది అని తర్వాతి వాళ్ళని పిలిచాడు.

రిక్షాలో వస్తున్నంతసేపూ మా అత్త మాట్లాడలేదు. కవలలు కానందుకు నిరుత్సాహపడిందేమో అనుకున్నాను. ఇంటికి రాగానే గోడ మీది కేలండరు దింపింది. పాత ఏడాదిది కూడా ట్రంకు పెట్టె అడుగు నుంచి తీసింది. పోతమ్మని పిలిచింది. ఇద్దరూ అరుగు మీద కూర్చుని, ఒక్కొక్క ఆదివారం మీద వేలు పెట్టుకుంటూ వెనక్కి వెనక్కి వెళ్ళారు. నేను లోపల పడుకుని ఆ గొణుగుడు వింటూనే ఉన్నాను. ఒకచోట ఆ గొణుగుడు ఆగిపోయింది. పోతమ్మ గొంతు తగ్గించి ఏదో అంది. మా అత్త కేలండరు మడిచి చంకలో పెట్టుకుంది.

వేలు వెళ్ళి ఆగింది ఆషాఢం మొదట్లో.

నేను ఆ మర్నాడే లేడీ డాక్టరు దగ్గరికి ఒక్కదాన్నే వెళ్ళాను. అడగడానికి సిగ్గేసింది, అయినా అడిగాను. ఆవిడ చాలా మందిని చూసి అలిసిపోయి ఉంది, కానీ చెప్పాల్సింది చెప్పింది. డాక్టర్ల వారాలు కడుపు పడ్డ రోజు నుంచి మొదలవవు, ఆఖరిసారి బయట చేరిన రోజు నుంచి మొదలవుతాయి. అంటే లోపల ఇంకా ఏమీ లేని రోజులు కూడా రెండు వారాలు ఆ లెక్కలో ఉంటాయి. ఇక రెండోది మిషను సంగతి. "మూడో నెలలో తీసి ఉంటే తేదీ దగ్గరగా తెలిసేది. ఇప్పుడు తెలిసేది బిడ్డ సైజు, వయసు కాదు. ఇదే వయసు పిల్లల్లో ఒకరు చిన్నగా ఉంటారు, ఒకరు పెద్దగా ఉంటారు. మూడు వారాలు అటూ ఇటూ రావడం వింతేమీ కాదు. అసలు చెప్పిన రోజున పుట్టే పిల్లలే తక్కువ" అంది. నేను చెప్పిన తేదీనే తను నమ్ముతున్నానని కూడా చెప్పింది.

ఈ మాటలన్నీ ఒక్కటి పోకుండా మోసుకొచ్చి మా అత్త ముందు పెట్టాను. ఆవిడ బియ్యం ఏరుతోంది. నేను చెప్పడం ఆపాక, డాక్టరమ్మ నీ మనిషి కదా, నీ మాటే చెబుతుంది అంది. మిషనుకి ఎవరూ మనుషులు లేరు కాబట్టి అది నిజం చెప్పిందట. ముందు రోజు దాకా విద్దెలేని దాన్నని ప్రతిదానికీ చేతులెత్తేసే మనిషి, ఒక్క రోజులో మిషను తరఫున ప్లీడరైపోయింది.

తర్వాతి రోజు కుళాయి దగ్గర నేను వెళ్ళేసరికి మాటలాగిపోయాయి. నాకంటే ముందు నిలబడ్డ వాళ్ళు వంతు వదిలి, నువ్వు పట్టుకో తల్లీ అన్నారు. అంత మర్యాద ఆ కుళాయి దగ్గర ఎప్పుడూ చూడలేదు. అప్పుడు అర్థమైంది. బిందె కింద పెట్టాను. మా అత్త అక్కడే, వరసలో నాలుగో మనిషి.

"అత్తా, ఈలందరికీ ఏటి సెప్పినావో అది నాకూ సెప్పు" అన్నాను.

"నానేటి సెప్పలేదు. కేలండరు సెప్తంది" అంది, నా మొహం చూడకుండా.

నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళంతా మంట పుట్టింది. కడుపులో బిడ్డ కూడా ఒక్క తన్ను తన్నింది. బిందె నింపుకుని, నడుమున పెట్టుకుని, వాళ్ళందరి మధ్య నుంచే ఇంటికి నడిచాను. మోయొద్దని డాక్టరు చెప్పింది. ఆ రోజు మోశాను.

మా బావ సాయంత్రం డ్యూటీ దిగి వచ్చాడు. అప్పటికే వాళ్ళమ్మ సందు చివర ఎదురెళ్ళి చెప్పేసింది. చొక్కా కూడా విప్పకుండా గుమ్మంలో కూర్చున్నాడు. అతనే అడుగుతాడు, కోప్పడతాడు, కనీసం వాళ్ళమ్మ మీద విసుక్కుంటాడు అని చూశాను. కాఫీ చల్లారిపోయింది. చివరికి, అమ్మ తన సొంతంగా ఏమీ కల్పించలేదు, మిషను చెప్పిందే కదా అన్నాడు. నాకు ఆ మాట కుళాయి దగ్గర విన్నదానికంటే పెద్ద దెబ్బ.

"బావా, ఓడ పక్కన అంకెలు సదువుతావు కదా. అల తగిల్తే ఎంత అటూ ఇటూ పోద్దో నువ్వే సెప్పినావు. ఒడ్డు మీద తూకానికీ ఓడ తూకానికీ ఏనాడూ కలవదని నువ్వే సెప్పినావు. కలవలేదని ఎవుల్నైనా దొంగని అన్నారేటి?"

అతను తల ఎత్తలేదు. "ఓడ ఏరు, మనిసి ఏరు" అన్నాడు.

"అవును. ఓడకైతే అటూ ఇటూ వొదుల్తారు. పెళ్ళానికి వొదల్రు."

ఆ రోజు నుంచి ఇద్దరం అవసరానికి తప్ప మాట్లాడుకోలేదు. అన్నం పెట్టేదాన్ని, తినేవాడు. ఒకే గదిలో గోడవైపు తిరిగి ఒకరం, గుమ్మంవైపు తిరిగి ఒకరం.

వారం తిరక్కుండా మా అత్త తీర్పు చెప్పింది. రెండు దారులు. మొదటి కాన్పు ఎలాగూ పుట్టింట్లోనే జరగాలి కాబట్టి ఇప్పుడే ఆనందపురం వెళ్ళిపోవడం ఒకటి. బిడ్డ పుట్టాక, ఏ తేదీకి పుట్టిందో చూసుకుని, కబురు పెడతారట. పెట్టకపోవచ్చు కూడా అన్నది ఆవిడ నోటితో అనలేదు, అనక్కర్లేదు కూడా. అది వద్దనుకుంటే రెండోది. లక్ష్మివారం నాడు బురుజుపేట అమ్మవారి గుడికి వెళ్ళి, తడిబట్టలతో అమ్మవారికి పసుపునీళ్ళు పోసి, ఈ కడుపు నా మొగుడిదే అని ప్రమాణం చేయడం. అమ్మవారి ముందు అబద్ధమాడితే ఏమవుతుందో అందరికీ తెలుసు కాబట్టి సందులో వాళ్ళు కూడా నోరు మూసుకుంటారని ఆవిడ ఉద్దేశం. నిజానికి ఆవిడ అది నాకు మేలు చేస్తున్నట్టే చెప్పింది.

రెండూ చెయ్యనన్నాను.

కబురు అందుకుని మా అమ్మ దేముడమ్మ వచ్చింది, కూతుర్ని కాన్పుకి తీసుకెళ్ళడానికి. వస్తూ వస్తూ సారె కూడా తెచ్చింది, అరిసెలూ మినపసున్నీ. సంగతి విని అరుగు మీదే కూలబడింది. మా ఇంట్లోనే బయట చేరిందని చెప్పబోతే, తల్లివి కదా, అలాగే చెబుతావు అని మా అత్త కొట్టిపారేసింది. కాసేపు ఏడ్చింది. ఆ తర్వాత నన్ను పెరట్లోకి తీసుకెళ్ళి, నిజమే కదా, ఆ ముక్క అమ్మవారి ముందు అనేస్తే పోదా, అంతటితో తెమిలిపోతుంది కదా అని బతిమాలింది. ఎవరేమన్నా తట్టుకున్నాను గానీ, ఆ మాట మా అమ్మ నోట వచ్చేసరికి తట్టుకోలేకపోయాను. తన ఇంట్లోనే, తన కళ్ళ ముందే బయట చేరిన కూతుర్ని ప్రమాణం చేయమంటోంది.

"నిజవే గనకే సెయ్యను అమ్మా. అబద్ధవైతే ఎప్పుడో సేసీసి ఊరుకుందును. ఈ రోజు కడుపుకి పెమానం సేస్తే, రేపు ఇంటికి పది నిమసాలు లేటుగా వొచ్చినా పెమానవే అడుగుతారు. ఆనందపురం కూడా రాను. ఇప్పుడు ఈ గుమ్మం దిగితే నానే ఒప్పుకున్నట్టు."

మా అమ్మ కళ్ళు తుడుచుకుంది. చీర కొంగు నడుముకి దోపుకుంది. లోపలికి వెళ్ళి, సారె బుట్ట దించి, మా అత్తతో, "అలగైతే నానూ ఇక్కడే ఉంటాను వొదినా. కాన్పు పుట్టిల్లు సెయ్యాల గదా, ఇక్కడే సేస్తాను" అంది. కూతురి అత్తారింట్లో నీళ్ళు తాగడానికి కూడా మొహమాటపడే మనిషి ఆవిడ. వియ్యపురాలు వచ్చి కాన్పు దాకా మకాం వేయడం ఆ సందు ఎన్నడూ చూడలేదు.

ఇక మొదలైంది. రెండు గదుల ఇంట్లో రెండు పొయ్యిలు. మా అత్త కిరసనాయిలు స్టవ్వు మీద తనకీ కొడుక్కీ వండేది. మా అమ్మ పెరట్లో మూడు రాళ్ళు పెట్టి నాకు వండేది. కూరలో ఉప్పు నిండుకుంటే ఇద్దరూ పోతమ్మని అడిగేవారు గానీ ఒకరినొకరు అడిగేవారు కాదు. మా బావకి ఏ పొయ్యి దగ్గర కూర్చోవాలో తెలిసేది కాదు. ఒకరోజు మా అమ్మ వండిన మెట్టవంకాయ పులుసు వాసనకి ఆగలేక గిన్నె పట్టుకుని పెరట్లోకి వచ్చాడు. మా అమ్మ వడ్డించింది. అల్లుడికి పెట్టకుండా ఉండలేదు కదా. నేను మాత్రం లేచి లోపలికి పోయాను.

ఏప్రిల్ వచ్చింది. పదో తేదీ దగ్గర పడుతున్న కొద్దీ సందంతా నా నడకనే చూసేది. ఆ తేదీకి పుడితే వాళ్ళ లెక్క గెలిచినట్టు. పదో తేదీ వచ్చింది, పోయింది. నాకు తలనొప్పి కూడా రాలేదు. మా అత్త మొహంలో ఏదో తికమక. అప్పుడు కొత్త రాగం ఎత్తుకుంది. తేదీ దాటిపోయింది, లోపల బిడ్డ ఉమ్మనీరు తాగేస్తుంది, కోసి తీయించాలి అని. మా బావకి కూడా భయం పట్టుకుంది. తేదీ దాటింది మిషనుకి, నాకు కాదు అన్నాను. అయినా బిడ్డ మీద పంతం పట్టే దాన్ని కాదు. లేడీ డాక్టరు దగ్గరికి వెళ్ళి చూపించుకున్నాను. గుండె కొట్టుకోవడం విని, కదలికలు అడిగి, నీ లెక్క ప్రకారం ఇంకా టైముంది, అంతా బాగానే ఉంది, తొందరపడి కోయాల్సిన పని లేదు అంది.

ఒక నిజం చెప్పాలి. లోలోపల నేనూ ఒక తేదీ కోసమే కాచుకుని ఉన్నాను. మే మొదటి వారం. బిడ్డ అప్పటిదాకా ఆగితే చాలు, ఆ కేలండరు తీసుకెళ్ళి కుళాయి దగ్గరే చింపి పారేద్దామనుకున్నాను. రోజూ పొద్దున కడుపు మీద చెయ్యి పెట్టుకుని, ఇంకొన్నాళ్ళు తల్లీ, ఇంకొన్నాళ్ళు ఓపిక పట్టు అని చెప్పేదాన్ని.

అది ఆగలేదు. ఏప్రిల్ ఇరవై ప్రాంతంలో, పొద్దున్నే కల్లాపి చల్లుతుండగా నొప్పులు మొదలయ్యాయి. వాళ్ళ తేదీ దాటింది, నా తేదీ రాలేదు. రిక్షాలో పెద్దాసుపత్రికి వెళుతుంటే, నొప్పికి నొప్పికి మధ్య, బిడ్డ మీద నాకు కోపం వచ్చింది. ఇంకొంచెం ఆగి ఉంటే నీ సొమ్మేం పోయేది అనుకున్నాను. అనుకుని సిగ్గుపడ్డాను. ఇంకా భూమ్మీద పడని పసిదాన్ని నేను కూడా సాక్ష్యానికి పిలుస్తున్నాను. గుడిలో ప్రమాణం చేయనన్న దాన్ని, ఆ ప్రమాణమేదో నా బిడ్డ చేత చేయించాలని చూస్తున్నాను. ఎప్పుడు రావాలనుంటే అప్పుడు రా తల్లీ, నిన్నెవరూ ఏమీ అడగరు అని గట్టిగానే అన్నాను. రిక్షా అతను వెనక్కి తిరిగి చూశాడు. మా అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది. మూడు కిలోల పైనే. నల్లటి జుట్టు, పెద్ద తల, పొడుగు కాళ్ళు. ఆ పొడుగు కాళ్ళనే మిషను కొలిచి వయసు ఎక్కువ చెప్పి ఉంటుంది. మా బావ కాళ్ళు కూడా అంతే, మంచం చివర నుంచి బయటికి వస్తాయి. కానీ పొడుగు కాళ్ళ వాళ్ళు ఊళ్ళో ఇంకెంత మంది లేరు? అది రుజువు కాదు, నేను దాన్ని రుజువుగా వాడలేదు.

మా బావ డ్యూటీ మధ్యలోంచి అలాగే వచ్చాడు. ఒంటి నిండా ఖనిజం దుమ్ము, ఎర్రగా. వరండాలో ఆసుపత్రి డాక్టరమ్మని ఆపి ఏదో అడగడం తలుపు సందులోంచి కనబడింది. ఏమడిగాడో నాకు తెలుసు. ఆవిడ జవాబు మాత్రం స్పష్టంగా వినిపించింది. "బిడ్డని చూసి తేదీ చెప్పడం కుదరదు. నెలలు నిండిన బిడ్డే. ముందు తేదీకైనా సరిపోతుంది, వెనక తేదీకైనా సరిపోతుంది. బాగుంది కదా, ఇంకేం కావాలి?"

అతను వచ్చి నా మంచం కాళ్ళ దగ్గర నిలబడ్డాడు. అంతలో మా అత్త బాలింతకి పెట్టే కాయం డబ్బా, టిఫిను కేరియరు పట్టుకుని వచ్చింది. పిల్లని చూసింది. చూడగానే మొహం మెత్తబడింది, అది నేను కాదనను. స్టూలు మీద కూర్చుని మా అమ్మతో అంది:

"పోన్లే వొదినా. గుంట మద్దెలోన వొచ్చింది. అటూ కాదు, ఇటూ కాదు. మనదే అనుకుందాం. నెల వొచ్చేక అమ్మోరి పాదాల కాడ ఎట్టీద్దాం, ఆ తల్లే సూసుకుంటాది."

మా అమ్మ గబగబా తలూపింది. ఇన్నాళ్ళ తర్వాత వియ్యపురాలు నోరు విప్పి వదినా అంది, ఆవిడకి అదే చాలు. నాకు చాలలేదు. నెలన్నర నుంచి దిగమింగిందంతా ఆ ఒక్క మాటకి పైకి లేచింది. కుట్లు లాగుతున్నా లేచి కూర్చున్నాను.

"అనుకోవొద్దు అత్తా" అన్నాను. "నువ్వు దయదల్చి అనుకునీ కాడికైతే, నా గుంటని నాను ఆనందపురం తీసుకెల్లిపోతాను. మొన్న నువ్వు పొమ్మంటే ఎల్లలేదు. ఇప్పుడు నానే ఎల్తాను. అమ్మోరి పాదాల కాడ కూడా నా సేతుల్తోనే ఎడతాను. అక్కడ ఎవులి గురించీ ఏటీ సెప్పను."

పక్క మంచం మీది బాలింత అటు తిరిగి పడుకున్నది కాస్తా ఇటు తిరిగింది. నేను మా బావ వైపు చూశాను. నెలన్నరలో అతని కళ్ళలోకి సూటిగా చూడటం అదే మొదలు.

"బావా, మిసను సెప్పలేకపోయింది. డాక్టరమ్మ సెప్పలేనంది. గుంట కూడా మద్దెలోన పుట్టి ఎవులికీ ఏటీ సెప్పలేదు. నాను సెప్పను, పెమానం సెయ్యను. ఇంక నీకు సెప్పీవోలు ఎవులూ నేరు. నువ్వు సెప్పు."

అతను చేతులు ప్యాంటుకి రుద్దుకున్నాడు, దుమ్ము రాలింది. వాళ్ళమ్మ వైపు చూశాడు, పిల్ల వైపు చూశాడు. ఇంకెవరైనా వచ్చి తన బదులు చెప్పేస్తే బాగుండునన్నట్టు వరండా వైపు కూడా చూశాడు. ఎవరూ రాలేదు. అతను కాదంటే, ఆనందపురంలో వంకాయ తోటలో బతుకు ఎలా ఉంటుందో అప్పటికే లెక్కలు వేసుకుంటున్నాను. భయపడుతున్నట్టు మాత్రం కనబడనివ్వలేదు.

"అమ్మా" అన్నాడు చివరికి. వాళ్ళమ్మ వైపు తిరిగి మళ్ళీ అన్నాడు. "అమ్మా, గుంట నాది. అనుకునీది ఏటీ నేదు. కుళాయి కాడ నువ్వన్న మాట, అక్కడే అందరి ముందలా నువ్వే ఎనక్కి తీసుకోవాల."

మా అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కేరియరు మూత తీసి, మళ్ళీ పెట్టింది. మా అమ్మ ఏడుస్తోంది.

నమ్మి అన్నాడో, నేను వెళ్ళిపోతానని భయపడి అన్నాడో నాకు తెలీదు. మనిషి గుండెలో ఏముందో కొలిచే మిషను ఇంకా రాలేదు. ఇన్నాళ్ళూ రుజువు లేకుండా నన్ను నమ్మమని పంతం పట్టిన దాన్ని, అతని మాటకి నేను మాత్రం రుజువు ఎలా అడగను? తీసుకున్నాను. కానీ ఊరికే తీసుకోవడం నా వల్ల కాలేదు.

అతను వంగి, పిల్లని ఎత్తుకోవడానికి రెండు చేతులూ చాచాడు. మోచేతుల దాకా ఎర్ర దుమ్ము. నేను పిల్లని నావైపు లాక్కున్నాను.

"గుంట టయానికే వొచ్చింది బావా. ఆలీసెంగా వొచ్చింది నువ్వు. ఎల్లి సేతులు కడుక్కుని రా."